నిజాం నాటి తపాలా బిళ్లలు – మనకు తగిన భూతద్దం

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి కావాలని కార్యవర్గం వారు అడిగారు. కోటల గురించి, మసీదుల గురించి, రాజుల వంశావళి గురించి రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను అంగుళం పొడవున్న చరిత్రను ఎత్తుకొంటున్నాను. అది నిజాం సర్కారు వారి తపాలా బిళ్ల. దాన్ని పరిశీలించడానికి ఎటువంటి భూతద్దం కొనాలన్నది కూడా ఇందులో చేర్చాను. కొందరు మిత్రులు ఈ మాట తరచు అడుగుతుంటారు. బిళ్ల ఎట్లా తయారయిందో తెలిస్తే తప్ప అద్దం సంగతి తేలదు కాబట్టి రెండూ కలిపే చెప్పవలసి ఉన్నది.

పాత బస్తీలో రెండు మూడు తరాలుగా కాపురమున్న ఇళ్లలో అటక మీది రేకు పెట్టె దించితే ఫస్లీ సంవత్సరం వేసిన దస్తావేజులు, కొన్ని హాలీ సిక్కా నాణేలు, ఒక ఉత్తరాల కట్ట తరచు కనిపిస్తాయి. దస్తావేజులు దాస్తారు, నాణేలు పిల్లలకు ఇస్తారు. ఉత్తరాల కట్ట మాత్రం పాత కాగితాలవాడి తక్కెడలోకి పోతుంది. మా బంధువులలో ఒకరింట్లో తాతగారు పోయిన తరువాత ఇదే జరిగింది. నా వద్దకు కబురు వచ్చేసరికి తూకం అయిపోయింది. మిగిలిన ఏడెనిమిది కవర్ల మీది బిళ్లలను చూసిన తరువాత, పోయినవి ఏమయి ఉంటాయా అని ఆ ఇంటివారు ఇప్పటికీ అనుకొంటుంటారు. అమ్మవద్దని నేను చెప్పడం లేదు. పెన్షను మీద బతికేవారికి అమ్ముకొనే హక్కు పూర్తిగా ఉన్నది. అమ్మేముందు ఒక గంట కూర్చుని చూడమని మాత్రమే మనవి.

హైదరాబాదు రాజ్యం మొదటి బిళ్ల 1869లో వచ్చింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేళ్లయినా నిండని మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. పరిపాలన దివాన్ సాలార్‌జంగ్ చేతిలో ఉన్నది. రైలు ఇంకా రాలేదు. వాడి నుండి సికిందరాబాదుకు రైలుమార్గం 1874లో గాని పడలేదు. టపా అంతా మనుషుల కాళ్ల మీద, గుర్రాల మీద నడిచిన కాలం. ఆ మొదటి బిళ్ల ఒక అణా, ఆలివ్ పచ్చ రంగు. చెక్కినవాడు రాప్‌కిన్ అనే ఇంగ్లీషువాడు, పలకలు లండన్‌లోని నిస్సెన్ అండ్ పార్కర్ కంపెనీ వారివి. సన్నని గీతలు, లోపలంతా ఖాళీ. అందుకే సేకరించేవారు దాన్ని అస్థిపంజరం బిళ్ల అంటారు. అందంగా లేదని పెదవి విరిచేవారున్నారు గాని, నాకు మాత్రం తరువాత వచ్చిన అలంకారాలకన్నా ఆ గీతల పొదుపే నచ్చుతుంది.

మరుసటి ఏడు, అంటే 1870లో, అర అణా గోధుమ రంగులోను, రెండు అణాలు పచ్చ రంగులోను వచ్చాయి. వీటి పలకలు ఇక్కడివారే చెక్కారు. అసలు విశేషం ఇక్కడే ఉన్నది. ఒక్క బిళ్లను చెక్కి, యంత్రంతో దాని నకళ్లు పలకంతా దించడం ఇంగ్లండు పద్ధతి. 1840 మే 6 నుండి చెల్లిన పెన్నీ బ్లాక్ అట్లా తయారయిందే. దాని షీటులో 240 బిళ్లలు ఉంటాయి, మూలలలోని అక్షరాలు తప్ప అన్నీ ఒకే అచ్చు. మనవారు ఆ యంత్రం లేకుండా పలక మీద ఒక్కొక్క బిళ్లను విడివిడిగా చేత్తో చెక్కారు. ఫలితంగా ఒక్కొక్క విలువకు 240 బిళ్లలకు 240 రకాలున్నాయి. ఒక దానిలో అక్షరం తోక కాస్త పొడుగు, మరొకదానిలో గీత కాస్త వంకర. చేతిరాత వంటిదే అనుకోండి. ఆ చెక్కిన పనివాడి పేరు మనకు మిగలలేదు. కాని అతని చేయి ఎక్కడ ఆగిందో, ఉలి ఎక్కడ జారిందో నేటికీ కాగితం మీద కనబడుతుంది. భూతద్దంతో మనం చూసేది ఆ చేతినే.

1871 నుండి రెండో వరుస మొదలయింది. పలకలు లండన్‌లోని బ్రాడ్‌బరీ విల్కిన్సన్ కంపెనీవి. అర అణా మొదలు పన్నెండు అణాల వరకు ఒకే మాదిరి, రంగులు మాత్రం వేరు. ఈ మాదిరినే 1909 వరకు, దాదాపు నలభై ఏళ్లు, మార్చకుండా వాడారు. సాలార్‌జంగ్ 1883లో గతించాడు, మూసీకి 1908 సెప్టెంబరు వరద వచ్చింది, బిళ్ల మాత్రం అట్లాగే ఉన్నది. పైకి ఒకేలా కనబడే రెండు బిళ్లలలో ఒకటి 1871 నాటిది, మరొకటి 1900 తరువాతది కావచ్చు. కాగితం, రంగు ఛాయ, అంచు పళ్లు – ఈ మూడే సాక్ష్యం.

అంచు పళ్ల లెక్క తెలియనివారికి ఒక మాట. బిళ్ల అంచున రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులు పడతాయో ఆ సంఖ్యే దాని కొలత. పాత బిళ్లలకు గరుకుగా కొట్టిన 11½ చిల్లులు, తరువాతి వాటికి 12½. లెక్క వేస్తే చిల్లుకు చిల్లుకు మధ్య దూరం మొదటిదానిలో 1.74 మిల్లీమీటర్లు, రెండోదానిలో 1.6. తేడా మిల్లీమీటరులో ఏడో వంతు. మామూలు కంటికి అది తేడాయే కాదు.

ఆ చిన్న తేడా మీద పెద్ద మొత్తాలు ఆధారపడి ఉంటాయి. 1880లో అస్థిపంజరం బిళ్లలను మళ్లీ అచ్చువేశారు. అసలు రంగుల్లోను వేశారు, అసలు ఎన్నడూ లేని రంగుల్లోను వేశారు. ఇవి తెల్లని కాగితం మీద 12½ చిల్లులతో ఉంటాయి. అసలువి 11½. రెండూ పాతవే, రెండూ పలక అచ్చులే, కాబట్టి పాతగా కనబడుతున్నదన్న మాటకు ఇక్కడ విలువ లేదు. పునర్ముద్రణను అసలుగా అంటగట్టే అమ్మకందారు ఉంటాడు, అసలును పునర్ముద్రణ అని చెప్పి తక్కువకు లాక్కుపోయే కొనుగోలుదారూ ఉంటాడు. మన వంటి ఇళ్లకు వచ్చేది సాధారణంగా రెండోవాడు.

ఇక "సర్కారీ" ముద్రలు. 1873 నుండి ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకు వాడే బిళ్లల మీద ఫార్సీ లిపిలో సర్కారీ అని ఎర్రగానో నల్లగానో ముద్ర వేసేవారు. మన తాతలలో నిజాం సర్కారు నౌకరీ చేసినవారు చాలామంది కాబట్టి ఈ బిళ్లలు మన పెట్టెలలో ఉండే అవకాశం ఎక్కువ. మామూలు బిళ్ల మీద తరువాత ఈ ముద్ర కొట్టి సర్కారీ బిళ్లగా చలామణీ చేసిన నకిలీలు విస్తారంగా ఉన్నాయి. పరీక్షకు ఒక తేలిక మార్గం చెబుతాను. వాడిన బిళ్ల మీద రెండు సిరాలుంటాయి, సర్కారీ ముద్రది ఒకటి, తపాలా కార్యాలయం తేదీ ముద్రది ఒకటి. సర్కారీ ముద్ర ముందు పడాలి, తేదీ ముద్ర దాని మీద పడాలి. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోటును పది రెట్ల అద్దంలో చూస్తే చాలాసార్లు ఏది పైన ఉన్నదో తెలుస్తుంది. సర్కారీ సిరా తేదీ ముద్రపైకి ఎక్కి ఉంటే ఆ బిళ్లను పక్కన పెట్టవలసిందే.

ఇప్పుడు అద్దం సంగతికి వద్దాం. పాత బస్తీ భూతద్దాల ఊరే. పత్తర్‌గట్టి, చార్‌కమాన్‌లలో ముత్యాల వర్తకులు చేతిలో మడత అద్దం పట్టుకుని ఉంటారు. గడియారాలు బాగుచేసేవారు నల్లని గొట్టం వంటి అద్దాన్ని కంటికి బిగిస్తారు. ఛత్తా బజారు అచ్చుయంత్రాల వద్ద రంగుల చుక్కలు సరిగా కూర్చున్నాయా అని చూసే అద్దం ఉంటుంది. బట్టల వ్యాపారంలో అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టే, మూడు రేకులుగా మడిచే అద్దం ఉన్నది. సూక్ష్మజీవులను మొదట చూసిన డచ్చి దేశపు లేవెన్‌హుక్ కూడా బట్టల వర్తకుడే, అద్దంతో అతని పరిచయం పోగుల లెక్కతోనే మొదలయింది. ఈ నాలుగింటిలో బిళ్లలకు ముత్యాలవారి అద్దం ఒకటి, పోగుల అద్దం ఒకటి పనికివస్తాయి. పోగుల అద్దానికి కిందనే కొలబద్ద ఉండటం, దాని కాళ్ల మీద అదే నిలబడటం మనకు కలిసివచ్చే సంగతులు. గడియారాల అద్దం కంటికి బిగించడం అలవాటు లేనివారికి యాతనే.

ఎన్ని రెట్లు పెద్దదిగా చూపాలి? దుకాణానికి వెళ్లినవారు ముందు అడిగే ప్రశ్న ఇది, మోసపోయేది కూడా ఇక్కడే. 30, 60 అని అంకెలు వేసిన అద్దాలు చవకగా అమ్ముతారు. అంకె ఎక్కువైతే మేలు అనుకోవడం సహజం. కాని రెట్టింపులకు ఒక లెక్క ఉన్నది. అద్దం నాభ్యంతరం ఎన్ని సెంటీమీటర్లో చూసి, 25ను దానితో భాగిస్తే రెట్లు వస్తాయి. పది రెట్ల అద్దానికి నాభ్యంతరం రెండున్నర సెంటీమీటర్లు, అంటే బిళ్లకు అంగుళం దూరంలో పట్టుకోవాలి. చూపుకు అందే మేర కూడా చిన్నది, మొత్తం బిళ్ల ఒకేసారి అందదు. ఇరవై రెట్లకు దూరం సెంటీమీటరుంబావు. అద్దం నీడ బిళ్ల మీదే పడుతుంది, చేయి ఏమాత్రం వణికినా బొమ్మ పారిపోతుంది. అరచేయంత వెడల్పున్న అద్దం మీద పది రెట్లు అని రాసి ఉంటే నమ్మనక్కరలేదు. అంత వెడల్పు అద్దం అంత దగ్గరి నాభితో ఉండాలంటే గాజు గోళీలా ఉబ్బి ఉండాలి.

అంకె నిజమో కాదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. పగటిపూట కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడి అద్దాన్ని గోడకు సమాంతరంగా పట్టుకుని ముందుకు వెనక్కి జరపండి. ఒక దూరంలో కిటికీ అవతలి చెట్లు, మిద్దెలు తలకిందులుగా గోడ మీద స్పష్టంగా పడతాయి. అద్దానికి, గోడకు మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. ఎనిమిది సెంటీమీటర్లు వస్తే అది దాదాపు మూడు రెట్ల అద్దం, దాని మీద ఏ అంకె ఉన్నా సరే. ఎండకు ఎదురుగా మాత్రం ఈ పరీక్ష చేయకండి. అద్దాన్ని ఎండలో ఆల్బం మీద వదిలేస్తే కాగితం కాలుతుందన్నది వేరే చెప్పాలా?

నా మటుకు నేను రెండు అద్దాలతో సరిపెడతాను. ఒకటి మూడు రెట్లది, వెడల్పుగా ఉండేది. దానితో బిళ్లంతా ఒక్క చూపులో చూడవచ్చు, చిల్లుల కొలబద్ద మీద బిళ్లను సరిచూసుకోవచ్చు. రెండోది పది రెట్ల మడత అద్దం. ఇందులో ఒంటి గాజు కాక, మూడు గాజు ముక్కలు కలిపి అతికించినది దొరికితే అదే తీసుకోవాలి, ధర ఎక్కువైనా. ఒంటి గాజుకు రెండు జబ్బులు. అంచుల వద్ద తిన్నని గీతను వంచుతుంది, నల్ల గీతకు ఇరువైపులా నీలం, ఎరుపు అంచులు పూస్తుంది. రంగు ఛాయను బట్టి బిళ్ల కాలం చెప్పవలసిన చోట ఈ లేని రంగులు ఎంత హాని చేస్తాయో ఊహించండి. కొనేటప్పుడు మనుమడి గ్రాఫు కాగితం ఒక ముక్క జేబులో వేసుకుని వెళ్లి, ఆ గళ్ల మీద అద్దం పెట్టి చూడండి. గళ్లు అంచు దాకా గళ్లుగానే ఉంటే మంచి అద్దం.

మన వయసుకు సంబంధించిన విషయాలు కొన్ని ఉన్నాయి. వెడల్పు అద్దంతో చూసేటప్పుడు చదువుకొనే కళ్లజోడు ఉంచుకోవాలి. పది రెట్ల అద్దానికి కళ్లజోడు తీసి, అద్దాన్ని కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, చిమటాతో పట్టిన బిళ్లనే పైకి తెచ్చుకోవాలి. ముత్యాలవారు చేసేది ఇదే. అద్దాన్ని బిళ్ల మీద పెట్టి తల వంచడం కాదు. అద్దం పట్టిన చేతిని చెంపకు ఆనించి, రెండు చేతుల వేళ్లు ఒకదానికొకటి తగిలేటట్లు ఉంచితే వణుకు చాలావరకు ఆగుతుంది. కళ్లజోడులో సిలిండరు పవరు ఎక్కువున్నవారు మాత్రం జోడు తీయకుండానే చూడాలి. చేతి వణుకు మరీ ఉన్నవారికి కాళ్ల మీద నిలబడే పోగుల అద్దమే శరణ్యం.

వెలుతురు అద్దంకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఈ రోజుల్లో దీపం అమర్చిన అద్దాలు వస్తున్నాయి. గీతలు చూడటానికి మంచివే గాని, వాటి తెల్లదీపాలు చాలావాటిలో నీలం పాలు ఎక్కువ, ఆలివ్ పచ్చను వేరే పచ్చగా చూపగలవు. రంగు చూడాలంటే ఉదయంపూట ఉత్తరం వైపు కిటికీ దగ్గర కూర్చోవడమే మేలు. సెల్‌ఫోను కెమెరాతో పెద్దది చేసి చూడవచ్చు కదా అని పిల్లలు అంటారు. ఫొటో తీసి దూరాన ఉన్న తెలిసినవారికి పంపడానికి అది చక్కని సాధనం. కాని ఫోను తనంతట తానే గీతలకు పదును పెడుతుంది, రంగు సవరిస్తుంది. సాక్ష్యాన్ని దిద్దే గుమాస్తాను సాక్షిగా ఎట్లా ఒప్పుకొంటాం?

పాత మాదిరి ముగిసే వేళ లండన్‌కు చెందిన అలన్ వియాన్ చెక్కిన కొత్త బిళ్లలు వచ్చాయి. 1912లో అదే మాదిరిని బ్రాడ్‌బరీ విల్కిన్సన్ వారు మళ్లీ చెక్కారు. ఒకే బొమ్మ, ఇద్దరి చేతులు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పది రెట్ల అద్దంలో గీత గీతా పోల్చడం తీరిక ఉన్నవారికి మంచి కాలక్షేపం. పదవీ విరమణ చేసినవారికి తీరికకు కొదవేమిటి?

1931లో వచ్చిన బొమ్మల బిళ్లలు అందరికీ పరిచయమైనవే. ఒక అణా మీద చార్మినార్, రెండు అణాల మీద హైకోర్టు, నాలుగు అణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిది అణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండు అణాల మీద బీదరు మదరసా, రూపాయి మీద దౌలతాబాదు మీనారు. పలకలు డి లా ర్యూ కంపెనీవి. ఇవి చెక్కుడు పలక అచ్చులు, అంటే గాడిలో నిండిన సిరాను కాగితం పీల్చుకొంటుంది. బిళ్లను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే గీతలు కాగితం మీద ఉబ్బెత్తుగా నిలబడి కనబడతాయి. దీని పక్కన 1961లో నాసిక్‌లో అచ్చయిన త్యాగరాజస్వామి బిళ్లను పెట్టి చూడండి. అందులో చెక్కిన గీతలుండవు, సన్నని చుక్కల వల ఉంటుంది. నాసిక్ వారు 1952 నుండి ఫొటోగ్రేవ్యూర్ పద్ధతిలో వేసిన బిళ్లలకు ఆ వలే గుర్తు. చెక్కుడు అచ్చు కావలసిన పాత బిళ్లలో చుక్కల వల కనిపిస్తే అది ఫొటో తీసి వేసిన నకలే, ఇంకే పరీక్షా అక్కరలేదు.

1937లో నిజాం రజతోత్సవానికి వచ్చిన నాలుగు బిళ్లలలో యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు ఉన్నాయి. యునానీ ఆసుపత్రి చార్మినారును ఆనుకునే ఉన్నది, ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు మూసీకి చెరో ఒడ్డున ఎదురెదురుగా ఉన్నాయి. బిళ్ల మీది కట్టడాన్ని ఉదయం అద్దంలో చూసి, సాయంత్రం నడకలో అసలును చూసి రావచ్చు. గుమ్మటాల వరుస, కిటికీల లెక్క సరిపోతున్నాయో లేదో మనుమలతో పందెం వేసుకోవచ్చు. హైదరాబాదు బిళ్లల మీద ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ ఉన్నాయని అద్దంలో చూపిస్తే ఈ కాలం పిల్లలు ఆశ్చర్యపోతారు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలని, హాలీ రూపాయలు ఏడు ఇస్తే ఇంగ్లీషు రూపాయలు ఆరు వచ్చేవని అప్పుడే చెప్పవచ్చు.

చివరి బిళ్లలు కొన్ని 1947 నుండి వచ్చాయి. మూడు అణాల బిళ్ల మీద ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం, ఆరు అణాల మీద గోల్కొండ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన తరువాత కూడా కొంతకాలం ఈ రాజ్యపు బిళ్లలే నడిచాయి. 1950 ఏప్రిల్ 1 నుండి వాటి స్థానంలో భారత తపాలా బిళ్లలు వచ్చాయి. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల కవర్లు మీ పెట్టెలో ఉంటే బిళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. తేదీ ముద్ర సగం బిళ్ల మీద, సగం కవరు మీద పడి ఉంటుంది. మూడు రెట్ల అద్దం కింద ఆ రెండు సగాలను కలిపి చదివితేనే ఉత్తరం ఏ ఊళ్లో, ఏ తేదీన వేశారో తెలుస్తుంది.